ఒక నాలుక తగ్గించండి

ఎడమ కాలికి పిండికట్టుతో అత్తగారు సోఫాలో కూర్చున్నారు. అల్లుడు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాడు. కూతురు పొద్దున్నే ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది.

“...బావి మాట్లాడితే మాట్లాడింది, నేను కాదనను. పుస్తకమన్నాక బావీ మాట్లాడుతుంది, బల్లీ మాట్లాడుతుంది. కానీ అంతసేపా నాయనా? మధ్యలో నేను మందులేసుకుని, ఓ కునుకు తీసి లేచినా అది మాట్లాడుతూనే ఉంది.”

“ఆ బావి ఒంటరిది అత్తయ్యా. అందుకని...”

“ఒంటరిదైతే? నేనూ ఒంటరిదాన్నే. అలా వాగుతున్నానా?”

“...”

“ఏమిటా మౌనం?”

“కాలర్ అండీ. చూసుకోకపోతే మాడుతుంది.”

“ఆ తర్వాత ఆ ఎగిరే ఇంటి కథ. ఇల్లు ఎగిరిందట. సరే, ఎగరనీ. మరి కరెంటు మీటరు చూసేవాడు ఎలా ఎక్కుతాడు?”

“అది మాయా కథ అత్తయ్యా. అందులో మీటర్లుండవు.”

“దీపాలున్నాయిగా? ప్రతి పేజీలోనూ ‘దీపం రెపరెపలాడింది’ అని ఉందిగా? పైగా ఆ ఇల్లాలు ఒక్కసారైనా వంటింట్లోకి వెళ్ళదు. మేఘాలు చూస్తూ కూర్చుంటుంది. పిల్లలేం తిన్నారో నాకింతవరకూ తెలీదు. రాత్రంతా అదే బెంగ.”

“మీకు కళ్ళు నొప్పెడతాయి. అన్నీ ఇలా వరసపెట్టి చదవకూడదండీ.”

“ఈ కళ్ళజోడు ఎవరు చేసిచ్చారు?”

“నేనే.”

“మరి? ‘పెట్టుకోండి అత్తయ్యా, అక్షరం ముత్యంలా కనబడుతుంది’ అన్నావు. కనబడింది. ముత్యంలానే కనబడింది. ఇప్పుడు చదవద్దంటే ఎలా? నీ షాపుకొచ్చినవాళ్ళందరికీ ఇలాగే చెబుతావా, జోడు కొనండి, కళ్ళు మూసుకోండి అని?”

“అబ్బే.”

“మీ ఇంట్లో చదవడానికి నువ్వు రాసిన పుస్తకాలు తప్ప ఇంకేమున్నాయి? ఫ్రిజ్ తాలూకు గ్యారంటీ కాగితం ఉంది. అదీ చదివాను. నిజం చెప్పాలంటే ఆ కిటికీ నవల కంటే అదే నయం. అందులో కనీసం తలుపు తెరుచుకుంటుంది.”

“కిటికీ నవలకి మంచి పేరొచ్చిందండీ. పత్రికల్లో చాలా మెచ్చుకున్నారు.”

“మెచ్చుకోరూ? చదివితేగా! ఒకాయన కిటికీ దగ్గర కూర్చుంటాడు. వీధి చూస్తాడు. ఎవరో వస్తారు కాబోలు అనుకున్నా. రాలేదు. పోనీ వీధిలో ఏదన్నా గొడవవుతుంది కాబోలు అనుకున్నా. అవలేదు. నాకు బాత్రూంకి వెళ్ళాలి, కాలు చూస్తే ఇలా. అయినా ఇదిగో ఇప్పుడు జరుగుతుంది, ఇదిగో ఇప్పుడు జరుగుతుంది అని ఓర్చుకుని చివరి పేజీ దాకా కూర్చున్నా. ఏం చేశాడూ? కిటికీ మూశాడు. అయిపోయింది.”

“అది ప్రతీక అండీ.”

“దేనికి?”

“అంటే... మూయడమనేది... ఒక రకంగా చూస్తే...”

“ఊఁ, చూస్తే?”

“మూసుకోవడానికి.”

“మూయడం మూసుకోవడానికి ప్రతీకా?”

“సాహిత్యంలో అలాగే ఉంటుందండీ.”

“ఆ మూసేదేదో మొదటి పేజీలోనే మూసుంటే ఆయనా సుఖపడేవాడు, నేనూ సుఖపడేదాన్ని. సరే, మంచిదాన్ని మంచిదనాలి. ఆ చచ్చిపోయిన పోస్ట్‌మ్యాన్ కథ మాత్రం బాగుంది.”

“బాగుందా? నిజంగానా?”

“బాగుంది. పాపం, చచ్చిపోయాక కూడా సెలవు పెట్టకుండా డ్యూటీకొస్తాడు. అలాంటివాళ్ళు నాకు తెలుసు. బతికుండీ రానివాళ్ళూ తెలుసు. కాకపోతే రక్తం ఎక్కువైంది.”

“చీకటి కథ కదండీ. కాస్త రక్తం ఉంటుంది.”

“కాస్తా? బకెట్లు! మెట్ల మీద రక్తం, పరుపు మీద రక్తం, తెల్లటి గోడ మీద కూడా రక్తం. తుడిచేదెవరు? ఒక్క పేజీలోనైనా, ఒక్కళ్ళైనా గుడ్డ ముక్క పట్టుకున్నట్టు రాయవేం? ఆరి పట్టేసిందంటే ఏ సబ్బుకీ పోదు.”

“చీకటి సాహిత్యంలో తుడవరు అత్తయ్యా.”

“అవునులే, చీకట్లో మరకేం కనబడుతుంది! ఇంతకీ చివర్లో ఆ పోస్ట్‌మ్యాన్ గతేమైందో నాకు సరిగ్గా అంతుపట్టలేదు. ఏమైనట్టు?”

“ఆయన... చచ్చిపోతాడండీ.”

“మొదటి వాక్యంలోనే చచ్చిపోయాడుగా.”

“మళ్ళీ చచ్చిపోతాడు. అంటే, ఈసారి ఇంకాస్త లోతుగా.”

“ఊఁ. లోతుగా.”

“టీ పెట్టనా?”

“ఇప్పుడేగా తాగాం. కూర్చోండి అల్లుడుగారూ. ఇక మన మూడు నాలుకల ముసలమ్మ దగ్గరికి వద్దాం.”

“మీరు... నన్ను ‘అల్లుడుగారూ’ అంటున్నారు.”

“అంటాను.”

“‘కూర్చోండి’ అన్నారు.”

“గౌరవిస్తున్నాను.”

“కోపమొస్తేనే మీరు నన్ను గౌరవిస్తారు అత్తయ్యా.”

“ఎవరావిడ?”

“ఎవరండీ?”

“ఆ ముసలమ్మ. ఒక నాలుకతో కూతుర్ని తిడుతుంది. రెండో నాలుకతో అదే కూతురి గురించి చుట్టాల దగ్గర గొప్పలు పోతుంది. మూడో నాలుక కిటికీలోంచి చాచి, పక్కింటి కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తుంది. ఎవరావిడ?”

“కల్పన.”

“కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతుంది. కడుగుతూ ‘నాకేం, ఇవాళో రేపో పోయేదాన్ని’ అంటుంది.”

“పెద్దవాళ్ళందరూ అనే మాటే కదండీ.”

“మోకాలు నొక్కుకుంటూ అంటుంది.”

“మోకాళ్ళు అందరికీ ఉంటాయి.”

“ఎడమ మోకాలు.”

“అందరికీ... ఎడమది కూడా ఉంటుంది.”

“ఇప్పుడు కట్టు ఏ కాలికుందీ?”

“పుస్తకం అచ్చయ్యేనాటికి మీరింకా పడలేదు అత్తయ్యా! స్టూలెక్కి అటక సర్దొద్దని మీ అమ్మాయి నెత్తీ నోరూ బాదుకుంది.”

“అంటే రాసి మరీ పడేశారన్నమాట.”

“రామరామ!”

“మా చెల్లెలు ఫోను చేసింది. ఏమందో తెలుసా? ‘అక్కా, నీ మీద పుస్తకం వచ్చిందటే, చాలా సంతోషం’ అంది. దాని గొంతులో ఆ సంతోషం వినుంటే మీరే ఆ ఇస్త్రీపెట్టె నా చేతికిచ్చి వాత పెట్టమనేవారు. మా ఆడపడుచు చదివింది. నాకు ఆపరేషను చేసిన ఆ ఎముకల డాక్టరు కూడా చదివాడు. నా కాలు పట్టుకుని, నోరు తెరవమన్నాడు!”

“ఆయన మామూలుగానే అలా...”

“ఎముకల డాక్టరుకి నోటితో ఏం పని? అది సరే, రెండో ముద్రణ వేస్తున్నారటగా?”

“మీకెవరు చెప్పారు?”

“బాల్కనీలోకెళ్ళి గుసగుసలాడితే వినబడదనుకోకండి. నాకు విరిగింది కాలు, చెవి కాదు. దిద్దుబాట్లేమన్నా ఉంటే సాయంత్రంలోగా చెప్పమన్నాడు ఆ పబ్లిషరు. అవునా?”

“అచ్చుతప్పుల గురించండీ.”

“నేను చెప్పేదీ అచ్చుతప్పే. నాలుకలు ఎక్కువ పడ్డాయి. తగ్గించండి.”

“అత్తయ్యా, పుస్తకం పేరే ‘మూడు నాలుకల ముసలమ్మ’!”

“పేరూ మార్చండి. ‘ముసలమ్మ’ అని పెట్టండి. ఒక నాలుక చాలు. దేవుడు ఎవరికైనా ఒకటే ఇచ్చాడు.”

“ఒకటే ఉంటే మామూలు ముసలమ్మ అయిపోతుంది కదండీ.”

“మామూలు ముసలమ్మ మీద పుస్తకం రాయకూడదా?”

“...రాయొచ్చు. రాయొచ్చు అనుకోండి.”

“పోనీ రెండు. ఇదే చివరి మాట. గొప్పలు చెప్పేది ఉంచండి. తిట్టేది తీసెయ్యండి.”

“తిట్టే నాలుక తీసేస్తే కథ నడవదండీ.”

“అయితే ఉప్పు చూసేది తీసెయ్యండి. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.”

“అమ్మో, అది తియ్యకూడదు. దాంతోనే కదా చివర్లో రాజుని చంపుతుంది.”

“ఏ రాజుని?”

“రాజుగారిని. ఆవిడ భర్తని.”

“పుస్తకం మొదలయ్యేసరికే ఆవిడ విధవ. అల్లుడుగారూ, మీరు రాసిన పుస్తకం మీరెప్పుడన్నా చదివారా?”

“రాసేసరికి అలిసిపోతామండీ. మళ్ళీ చదవాలంటే...”

“ఫోను చెయ్యండి.”

“ఎవరికి?”

“పబ్లిషరుకి. ఇప్పుడే, నా ఎదురుగానే. స్పీకరు పెట్టక్కర్లేదు. మీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది.”

“అత్తయ్యా...”

“చెయ్యండి.”

“సరే... రింగవుతోంది... హలో! ఆఁ, నేనేనండీ. ఏం లేదు, దిద్దుబాటు ఒకటి. చిన్నదే. నాలుక... నాలుకండీ. నా, లు, క. అబ్బే, నాకు కాదు, నా నాలుక బాగానే ఉంది. ముసలమ్మది. మూడున్నాయి కదా, ఒకటి తగ్గించడం కుదురుతుందా అని... ఓహో... అట్ట బొమ్మ అయిపోయిందా? మూడూ వేసేశారా? ఎరుపు రంగులో. మధ్యది వెనక అట్ట దాకా వచ్చిందా? సంతోషం... లేదండీ, పగటిపూట తాగను. అసలే తాగను. లేదు లేదు, ఎవరూ బెదిరించడం లేదు. ఉంటానండీ.”

“ఏమన్నాడు?”

“తగ్గించడం కుదరదట. కావాలంటే ఇంకోటి కలుపుతానన్నాడు.”

“వాడి మొహం!”

“నేను అడిగాను అత్తయ్యా. మీరే విన్నారుగా.”

“విన్నాను. ...నాలుకల సంగతి పోనివ్వండి. నన్ను రాక్షసిని చేస్తే చేశారు. లోకంలో రాక్షసులు కాని అత్తలెవరు? నా ప్రాణం కొట్టుకుంటున్నది అందుక్కాదు.”

“మరి?”

“ఆ డాబా మీది ఘట్టం.”

“...ఏ ఘట్టమండీ?”

“రాజు పోయాక ముసలమ్మ ఎవరి ముందూ ఏడవదు. ‘నీళ్ళున్నాయో లేదో చూసొస్తా’ అని బురుజెక్కుతుంది. అక్కడున్న నీళ్ళ తొట్టి మూత తీసి, తల లోపల పెట్టి, పోయిన రాజుని తిడుతుంది. ‘నన్నూ పిల్లనీ గాలికొదిలి పోతావా, సిగ్గు లేదా నీకు’ అని. ఇది మీకెవరు చెప్పారు?”

“కల్ప...”

“ఆ మాటనొద్దు. మీ మామగారు పోయేనాటికి అమ్మలు ఇంకా నా చేత జడలు వేయించుకునే పిల్ల. నువ్వెవరివో, ఏ ఊరి బళ్ళో గోళీలాడుతున్నావో మాకు తెలీదు. ఇంట్లో ఏడిస్తే పిల్ల బెదిరిపోతుందని నేను డాబా ఎక్కేదాన్ని. గొంతు వీధిలోకి పోకూడదని ట్యాంకు మూత తీసి, అందులో తల పెట్టి ఆ మనిషిని దులిపేసేదాన్ని. మా చెల్లెలికి కూడా తెలీదీ సంగతి. ఈ భూమ్మీద తెలిసింది నాకూ, ఆ ట్యాంకుకీ. నువ్వు ఒక్క తిట్టు కూడా వదలకుండా రాశావు. ఎలా రాశావు నాయనా?”

“అమ్మలు ఎప్పుడో చెప్పుంటుందండీ.”

“దానికెలా తెలుస్తుంది? అది స్నానానికి వెళ్ళాకే నేను పైకెక్కేదాన్ని. కావాలనే.”

“...ట్యాంకు ఎక్కడుండేది అత్తయ్యా?”

“డాబా మీద. చెప్పానుగా.”

“డాబా మీద ఎక్కడ?”

“ఓ మూల. సరిగ్గా... బాత్రూం పైన.”

“ట్యాంకులో నీళ్ళు అడుగంటినప్పుడు కుళాయి విప్పితే ఏమొస్తుంది?”

“ఏమొస్తుంది, బుస్సుమని గాలొస్తుంది.”

“ఉత్త గాలేనా అత్తయ్యా?”

“అంటే, నా గొంతు కూడా... అయ్యో. అయ్యో, నా తల్లీ.”

“పుస్తకంలో ఆ పిల్ల కుళాయికి చెవి ఆనించి కూర్చుంటుంది కదండీ. ఒంటి మీద సబ్బు ఆరిపోతున్నా కదలదు. ఆ పేజీ టైపు చేస్తుంటే నాక్కూడా కళ్ళు...”

“టైపు చేస్తుంటేనా?”

“రాస్తుంటే.”

“టైపు అన్నావు.”

“టైపు చేస్తూ... రాస్తూ...”

“ముందు ఆ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టు, చొక్కా మాడి చస్తోంది. ఇలా వచ్చి కూర్చో. నా మొహం చూసి చెప్పు. ఆ కిటికీ ఆయన కిటికీ ఎందుకు మూశాడు?”

“తెలీదండీ.”

“బావి ఎందుకంతసేపు మాట్లాడింది?”

“నాకేం తెలుసు అత్తయ్యా! నేను కళ్ళజోళ్ళవాణ్ణి. ఎవరి కంటికి ఏ అద్దం పడుతుందో చెప్పమంటే చెబుతాను. కథ అంటే రెండో పేజీకే నిద్రొస్తుంది నాకు.”

“అట్ట వెనక ఆ ఫోటో?”

“నాదే. గడ్డం పెంచమంది, పెంచాను. దూరంగా ఎటో చూడమంది, చూశాను.”

“సభల్లో మాట్లాడతావుగా!”

“ఎవరేమడిగినా ‘ప్రతీక’ అంటానండీ. ఇంతవరకూ ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. మీరే మొదలు.”

“ఎందుకర్రా ఈ దొంగాట?”

“మీ అమ్మాయి మత్తు డాక్టరు కదండీ. రేపు ఆపరేషను బల్ల మీద పడుకున్న మనిషికి, సూది గుచ్చేది ఆ బకెట్ల రక్తం రాసినావిడేనని తెలిస్తే నిద్రపోతాడా? లేచి పరిగెత్తడూ?”

“అదొక్కటేనా?”

“అదొక్కటే.”

“ఇటు చూసి చెప్పు.”

“...మీరు కూడా.”

“నేనేం చేశాను?”

“‘మా అమ్మ చదివిందంటే ఊరుకోదు. నువ్వు రాశావనుకుంటే నిన్ను సాయంత్రం దాకా తిట్టి మర్చిపోతుంది. నేను రాశానని తెలిస్తే తిట్టదు, లోపల పెట్టుకుంటుంది’ అంది.”

“...పిచ్చి ముండ. అదేనా అన్నది?”

“ఆ మాటే అంది.”

“నిన్ను పొద్దుట్నుంచీ ఎన్ని మాటలన్నాను! నోరు విప్పవేం?”

“నాకు అలవాటేనండీ. కిటికీ నవల వచ్చినప్పట్నుంచీ మా అమ్మ నాతో మాట్లాడటం లేదు.”

“ఆవిడకేమైంది?”

“ఆ కిటికీ దగ్గర కూర్చున్నాయన మా నాన్నేనట.”

“...”

“నవ్వకండి అత్తయ్యా.”

“నవ్వట్లేదు. దగ్గొచ్చింది. అవున్రా, ఆయనే! మీ ఇంటికొచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, అలాగే కూర్చుంటాడు. అచ్చంగా అలాగే మూస్తాడు కూడాను. పాపం, ఎంత బాగా రాసిందిరా అది!”

“ఇందాక ఫ్రిజ్ కాగితం నయమన్నారు.”

“ఇందాక అది నువ్వు రాశావనుకున్నాను.”

“...పబ్లిషరుకి మళ్ళీ చెయ్యనా? ఇంకోసారి గట్టిగా అడిగితే...”

“అక్కర్లేదు. మూడూ ఉండనీ. ఉన్నవే కదా. చూడు, అమ్మలుకి మాత్రం చెప్పకు, నాకు తెలిసిపోయిందని.”

“చెప్పనండీ.”

“నువ్వు చెప్పకపోయినా నీ మొహం చెబుతుంది. దాన్ని అటు తిప్పు. దూరంగా ఎటో చూడు, ఆ ఫోటోలోలాగా.”

“ఇలాగా?”

“మరీ అంత దూరం వద్దు. లిఫ్టు చప్పుడు. వస్తోంది.”

తాళం తిరిగింది. కూతురు లోపలికి వచ్చింది.

“ఏమిటీ వాసన? ఏదో మాడింది. అయ్యో, నా తెల్ల చొక్కా! అమ్మా, కాలెలా ఉంది?”

“ఉంది.”

“మందులు?”

“వేసుకున్నాను.”

“ఏంటి మీరిద్దరూ ఇంత బుద్ధిగా కూర్చున్నారు? ఏవండీ, ఎటు చూస్తున్నారు మీరు? అమ్మా... ఆ పుస్తకం నీ చేతిలో ఎందుకుంది? నీకు నచ్చేది కాదమ్మా అది. అంతా చీకటి, దయ్యాలు, అదీ. ఇలా ఇవ్వు.”

“అయిపోయింది.”

“...మొత్తమా?”

“మొత్తం.”

“ఓ. ...ఎలా ఉందట? అంటే, ఈయన మొహమాటస్థుడు, అడగలేడు. అందుకని నేనడుగుతున్నా.”

“మీ ఆయన బాగా రాశాడు.”

“బాగా? అంతేనా? నువ్వు వంక పెట్టకుండా మంచినీళ్ళు కూడా తాగవుగా. ఏదో ఉంది. ఏవండీ, ఏమంది?”

“నన్నడక్కు. నేను దూరంగా చూస్తున్నాను.”

“చెప్పమ్మా. పర్వాలేదు. ఈయనేం అనుకోరు.”

“ఒక్కచోటేనే. ఆ తొట్టిలో తల పెట్టి తిట్టే చోట. తిట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క ముక్క పొల్లుపోలేదు. కానీ సగమే ఉంది.”

“సగమేంటి? అక్కడ ఇంకేం లేదమ్మా. తిట్టింది, దిగింది. అంతే. నాకు... ఈయనకి బాగా గుర్తుంది.”

“తిట్టడం అయ్యాక, రోజూ, ఆయనకి నీ కబుర్లన్నీ చెప్పేదాన్నే. కొత్తగా ఏ పన్నొచ్చిందో, లెక్కల్లో టీచరేమందో, నిద్రలో ఎలా నవ్వావో... దిగబుద్ధయ్యేది కాదు. ఏం లాభం? అప్పటికే నువ్వు కుళాయి కట్టేసేదానివి.”